కరువు ఏడాదిని సీతాకోకచిలుక ఎలా గట్టెక్కుతుంది?

బ్రిటన్‌లో సీతాకోకచిలుకలను ఒక పద్ధతి ప్రకారం, ఏటా అవే దారుల్లో నడుస్తూ లెక్కపెట్టడం 1976లో మొదలైంది. ఆ వేసవిలో అక్కడ ఇప్పటికీ చెప్పుకునేంత కరువు వచ్చింది. పచ్చిక మైదానాలు గోధుమరంగుకు తిరిగాయి. లెక్కల్లో మాత్రం సీతాకోకచిలుకలు విరగబడి కనిపించాయి. ఇన్ని దశాబ్దాల రికార్డులో 1976 ఇప్పటికీ చాలా మంచి సంవత్సరాల్లో ఒకటి. మరుసటి ఏడాది ఆ లెక్క కుప్పకూలింది.

ఎండ బాగా కాస్తే రెక్కలొచ్చిన పురుగులకు పండగే. రోజంతా ఎగరొచ్చు, జతకట్టొచ్చు, గుడ్లు పెట్టొచ్చు. మన కంటపడేవీ అవే. ఏడాదికి ఒకే తరం ఉండే జాతుల్లో చాలావరకు రెక్కలతో బతికేది కొన్ని వారాలే. మిగతా కాలమంతా గుడ్డుగా, గొంగళిపురుగుగా, ప్యూపాగా నేలకు దగ్గరగానే గడిచిపోతుంది. కరువు దెబ్బ తగిలేది అక్కడ. తల్లులు హాయిగా ఎగిరిన ఆ ఎండలోనే పిల్లలు తినాల్సిన ఆకు మాడిపోయింది. తేమ ఉన్న గడ్డిచోట్లను నమ్ముకున్న రింగ్‌లెట్ లాంటి జాతులు అప్పుడు బాగా నష్టపోయాయి. గడ్డిభూమి సీతాకోకచిలుకకు సీజన్ ఎలా గడిచిందో ఆ సీజన్‌లో ఎగిరిన రెక్కలను చూసి చెప్పడం కుదరదు. ఆ ఫలితం మరుసటి ఏటికి గానీ బయటపడదు.

చెడ్డ సీజన్ ఎక్కడ, ఎలా దెబ్బ కొడుతుందో బాగా తెలిసిన జాతి ఒకటుంది. దాని పేరు గ్లాన్‌విల్ ఫ్రిటిలరీ, శాస్త్రీయనామం మెలిటియా సింక్సియా. నారింజరంగు రెక్కల మీద నల్లటి గళ్లు, కింది వైపు తెలుపు, నారింజ పట్టీలు ఉంటాయి. 17వ శతాబ్దం చివర్లో ఇంగ్లండ్‌లో పురుగులు సేకరించిన ఎలినార్ గ్లాన్‌విల్ పేరు దీనికి పెట్టారు. ఆమె చనిపోయాక వీలునామా మీద కోర్టులో గొడవ జరిగింది. ఆమెకు మతి స్థిమితం లేదని బంధువులు వాదించారు. పురుగుల వెంట తిరగడం కూడా అందుకు సాక్ష్యంగా పనికొచ్చిందని చెబుతారు.

ఈ జాతి ఫిన్లండ్ ప్రధాన భూభాగంలో 1970ల చివరికి అంతరించింది. ఆ దేశంలో ఇక మిగిలింది బాల్టిక్ సముద్రంలోని ఓలాండ్ దీవుల్లోనే. అక్కడ హెల్సింకి విశ్వవిద్యాలయానికి చెందిన ఇల్కా హాన్‌స్కీ 1990ల ఆరంభంలో ఒక సర్వే మొదలుపెట్టారు. దీవుల్లో చెల్లాచెదురుగా ఉన్న పొడి పచ్చిక మడులను గుర్తించి, 1993 నుంచి ఏటా విద్యార్థుల బృందాలతో వెతికించడం ఆనవాయితీ అయింది. అలాంటి మడులు దాదాపు 4,000 ఉన్నాయి. చాలావాటి విస్తీర్ణం ఎకరంలో సగం కూడా ఉండదు. హాన్‌స్కీ 2016లో కన్నుమూశారు. ఆ సర్వే మాత్రం ఆగలేదు.

ఆ బృందాలు ఎగిరే సీతాకోకచిలుకలను లెక్కపెట్టవు. వేసవి ముగిశాక, మోకాళ్ల మీద కూర్చుని గడ్డిలో పట్టుగూళ్లు వెతుకుతాయి. 1976 నాటి బ్రిటన్ లెక్క చూశాక ఈ పద్ధతిలోని తెలివి ఇట్టే అర్థమవుతుంది. గూడు కనిపించిందంటే ఆ వేసవిని గట్టెక్కిన కుటుంబం ఒకటి అక్కడ ఉన్నట్టే.

ఈ పురుగు ఏడాది ఇలా నడుస్తుంది. జూన్‌లో పెద్దవి ఎగురుతాయి. తల్లి ఒక్కో విడతకు నూట యాభై, రెండు వందల గుడ్లను కుప్పగా ఆకు అడుగున అతికిస్తుంది. ఏ ఆకైనా పనికిరాదు. ఓలాండ్‌లో రెండే మొక్కలు: సన్నటి పొడవాటి ఆకుల ప్లాంటాగో లాన్సియోలాటా, నీలం పూల కంకి వేసే వెరోనికా స్పికాటా. రెండు మూడు వారాలకు గుడ్లు పగులుతాయి. పిల్లలన్నీ కలిసి పట్టుతో గూడు అల్లుకుని లోపల్నుంచే ఆకు తింటాయి. ఆగస్టు చివరికి మరింత దట్టమైన చలికాలపు గూడు కట్టి, అందులో ఒకదాన్నొకటి ఆనుకుని నిద్రాణస్థితిలోకి వెళ్తాయి. మంచు కరిగాక, మార్చి చివర్లోనో ఏప్రిల్‌లోనో బయటికొచ్చి ఎండ కాచుకుంటాయి. అప్పటికి ఒళ్లంతా నల్లటి ముళ్లు, తల ఎర్రటి గోధుమరంగు. మళ్లీ తిని పెరిగి, చివరి దశలో ఎవరి దారి వాళ్లు చూసుకుని, మే నెలలో ప్యూపాలవుతాయి.

ఈ క్యాలెండర్‌లో అన్నిటికంటే నాజూకైన కాలం జులై, ఆగస్టు. గుడ్డు నుంచి అప్పుడే వచ్చిన పురుగు పొడవు మిల్లీమీటర్లలోనే. పుట్టిన మొక్క ఎండిపోతే పక్క మొక్కకు పాకాలి. పెద్ద పురుగు కొన్ని మీటర్లు నడవగలదు. పిల్లపురుగుకు అరచేయంత ఖాళీ నేల దాటడమే పెద్ద ప్రయాణం. మాడిన నేల, ముదిరిన ఆకు, చెల్లాచెదురైన గుంపు అన్నీ ఒకేసారి మీద పడతాయి. కొన్ని అక్కడే చస్తాయి. మిగిలినవి ఉండాల్సిన దానికంటే చిన్నగా, తక్కువ సంఖ్యలో శీతాకాలంలోకి అడుగుపెడతాయి.

కరువు వేసవి అసలు వసూలు మొదలుపెట్టేది శీతాకాలంలోనే. పెద్ద గుంపుగా గూడులోకి చేరిన పురుగుల్లో వసంతం దాకా బతికేవి ఎక్కువ. చిన్న గుంపులు చాలాసార్లు మొత్తానికే పోతాయి. ఆగస్టులో సగానికి తగ్గిన గుంపు ఏప్రిల్‌కు పావుకు కాదు, సున్నాకు చేరే రిస్క్ ఉంది. అందుకే ఆగస్టు వర్షాలను, శీతాకాలపు చావులను విడివిడిగా చూస్తే అసలు సంగతి దొరకదు. రెండోది చాలావరకు మొదటిదానికి కొనసాగింపు.

ఇక తల్లి సంగతి. గుడ్లు పెట్టడానికి ఆడ సీతాకోకచిలుక వెతికే చోటు వెచ్చగా, పొడిగా ఉండాలి. చుట్టూ గడ్డి పలచగా ఉండి ఎండ నేరుగా పడాలి. ఉత్తరాది దేశంలో ఇది మంచి ఎంపికే. వెచ్చటి చోట గుడ్డు త్వరగా పగులుతుంది, పిల్ల త్వరగా పెరుగుతుంది, చలి వచ్చేలోపు సరిపడా బలం పుంజుకుంటుంది. మామూలు ఏళ్లలో అలాంటి తల్లి పిల్లలే బాగుపడతాయి. కరువు ఏడాదిలో మొదట మాడేవి మాత్రం సరిగ్గా ఆ చోట్లే. జూన్‌లో గుడ్లు పెట్టే తల్లికి జులై ఎలా ఉంటుందో తెలిసే మార్గం లేదు. రెండడుగుల దూరంలో, కాస్త నీడపట్టున, పచ్చగా ఉన్న మొక్క ఆమె కంటికి నాసిరకంగానే కనిపిస్తుంది. వందల తరాలుగా పనికొచ్చిన అలవాటు ఒక్క సీజన్‌లో ఉచ్చుగా మారుతుంది. ఓలాండ్‌లో ఈ ప్రమాదాన్ని ప్రత్యేకంగా పరిశీలించారు. కరువు ముదిరినప్పుడు తల్లుల ఈ ఇరుకైన ఇష్టమే పిల్లల ప్రాణాల మీదికి తెస్తోంది.

చెడ్డ సీజన్ అంటే ఎప్పుడూ కరువే కాదు. వసంతం చల్లగా సాగితే పురుగులు ఆలస్యమవుతాయి, జనం కూడా ఈసారి సీతాకోకచిలుకలు తక్కువేమో అనుకుంటారు. కానీ ఈ పురుగుకు కొటేసియా మెలిటియారమ్ అనే చిన్న కందిరీగ శత్రువు. అది గొంగళిపురుగు ఒంట్లో గుడ్లు పెడుతుంది, దాని పిల్లలు లోపల్నుంచి తిని బయటికొచ్చి తెల్లటి కాయలు అల్లుకుంటాయి. ఆ కాయలు కదలలేవు, నీడలో పడుంటాయి, చుట్టూ గాలి ఎంత వెచ్చగా ఉంటే అంతే వేగంగా ఎదుగుతాయి. గొంగళిపురుగు నల్లది, కదలగలదు. గాలి చల్లగా ఉన్నా ఎండ ఉంటే చాలు, ఎండకు ఒళ్లు చూపించి చుట్టూ ఉన్న గాలికంటే ఎంతో వెచ్చబడుతుంది. ఎండ ఉన్న చల్లటి వసంతంలో పురుగు ముందుకు ఉరుకుతుంది, కందిరీగ వెనకబడుతుంది. కందిరీగ కాయ పగలగొట్టుకుని వచ్చేసరికి చాలా పురుగులు ప్యూపాలైపోయి ఉంటాయి. అదే వసంతం మబ్బుగా, వెచ్చగా సాగిందంటే ఇద్దరి టైమింగ్ కలుస్తుంది, పురుగులకు మూడుతుంది. మనిషికి హాయిగా అనిపించిన వసంతం ఈ పురుగుకు గండమై కూర్చోవచ్చు. సగటు ఉష్ణోగ్రత ఒక్కటే చూసి సీజన్ మంచిదో చెడ్డదో తేల్చేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు.

హైపోసోటర్ హార్టికోలా అనే ఇంకో కందిరీగ దీనికి పూర్తిగా భిన్నం. గుడ్డులోని పురుగు తయారై, ఇంకా పగలకుండా ఉన్న కొద్ది సమయంలోనే అది పొడిచి లోపల తన గుడ్డు పెట్టాలి. అందుకోసం గుడ్ల కుప్ప ఎక్కడుందో ముందే చూసి పెట్టుకుని, అదను వచ్చేదాకా మళ్లీ మళ్లీ వచ్చి పోతుంది. ఏడాది ఎలా ఉన్నా దాదాపు ప్రతి గూటిలో మూడో వంతు పురుగులు దీని వాటాకు పోతాయి. మంచి ఏడాదిలో ఆ వాటా తట్టుకోగలిగిందే. కరువు ఏడాదిలో గోరుచుట్టు మీద రోకటి పోటు. 1991లో సొట్టుంగా అనే దీవికి ఓలాండ్ నుంచే గొంగళిపురుగులను తీసుకెళ్లి వదిలినప్పుడు, వాటి ఒంట్లో దాక్కుని ఈ కందిరీగ కూడా అక్కడికి చేరిపోయింది. అప్పుడు తీసుకెళ్లినవాళ్లకు ఆ సంగతి తెలియదు.

ఇన్ని గండాల మధ్య ఒక పచ్చిక మడిలోని గుంపు నిర్మూలం కావడం వింతేమీ కాదు. ఓలాండ్‌లో అది ఏటా జరిగే వ్యవహారమే. చాలా మడుల్లో ఉండేది ఒక్క గూడో రెండో. ఆవు తొక్కినా పోతుంది, వాన ఎక్కువైనా పోతుంది. దగ్గరి బంధువుల మధ్యే జతకట్టడం వల్ల కూడా పోతుందని 1998లో ఒక అధ్యయనం తేల్చింది. 42 స్థానిక గుంపుల జన్యువులు పరిశీలిస్తే, ఏడాది తిరిగేసరికి అందులో 7 అంతరించాయి. జన్యువైవిధ్యం తక్కువగా ఉన్నవాటికే ఆ గతి పట్టే అవకాశం ఎక్కువని తేలింది.

ఒక మడి ఖాళీ అయితే పక్క మడి నుంచి ఏదో ఒక తల్లి ఎగిరొచ్చి గుడ్లు పెడుతుంది. ఈ పురుగు సాధారణంగా వెళ్లేది కొన్ని వందల మీటర్లు, అరుదుగా రెండు మూడు కిలోమీటర్లు. ఆ దూరంలో పొరుగు ఉంటే చాలు. ఒకచోట ఆరిపోతూ, ఇంకోచోట వెలుగుతూ, మొత్తంగా జాతి నిలబడుతుంది. ఇలాంటి అల్లికకు మెటాపాప్యులేషన్ అని పేరు. ఆ మాట 1970 ప్రాంతంలో జీవావరణ శాస్త్రవేత్త రిచర్డ్ లెవిన్స్ వాడుకలోకి తెచ్చారు. దానికి నేల మీద ఇంత పెద్ద రుజువు చూపించింది ఓలాండ్ సీతాకోకచిలుకే.

అయితే ఈ ఏర్పాటు ఒక షరతు మీద నడుస్తుంది. అన్ని మడులకూ ఒకేసారి కష్టం రాకూడదు. ఈ మడికి వచ్చిన కష్టం ఆ మడికి ఆ ఏడాది రాకుండా ఉంటేనే అక్కడి మిగులు ఇక్కడి లోటును పూడుస్తుంది. ఆవు తొక్కడం, కందిరీగ దాడి, బంధువుల మధ్య జత లాంటివన్నీ మడిమడికీ వేరుగా జరిగేవే. కరువు అలా కాదు. మబ్బు రాకపోతే దీవులన్నిటికీ రాదు.

2018లో జరిగింది అదే. ఆ వేసవి ఉత్తర యూరప్ అంతా ఎండింది. ఓలాండ్‌లో నేలలోని నీటి లెక్క, శాటిలైట్ చిత్రాల్లో కనిపించే పచ్చదనం రెండూ అంతకుముందు ఏళ్లలో ఎన్నడూ లేనంతగా పడిపోయాయి. ఆ సీజన్ ముగిశాక గూళ్లు వెతికితే సీతాకోకచిలుకల సంఖ్య సుమారు పదో వంతుకు దిగిపోయింది. ఆ అంకె కంటే ఆలోచించాల్సిన సంగతి ఒకటుంది. అప్పటిదాకా ఏ మడిలో పురుగులు పోతాయి, ఎక్కడ నిలుస్తాయి అని చెప్పడానికి పరిశోధకుల దగ్గర నమ్మకమైన గుర్తులున్నాయి. గుంపు పెద్దదైతే నిలుస్తుంది, చుట్టూ పొరుగు ఎక్కువుంటే నిలుస్తుంది. ఇలాంటి గుర్తులు ఏళ్ల తరబడి డేటాతో తేలినవి. 2018లో అవి బాగా బలహీనపడ్డాయి. పెద్ద గుంపులకూ చిన్న గుంపులకూ ఉన్న తేడాను కరువు చాలావరకు చెరిపేసింది. చెడ్డ సీజన్‌కూ విపరీత సీజన్‌కూ అసలు తేడా ఇక్కడే ఉంది. మొదటిదాంట్లో పాత నియమాలు పనిచేస్తాయి, నష్టం మాత్రమే పెరుగుతుంది. రెండోదాంట్లో నియమాలే మారిపోతాయి.

2018 ఊడిపడ్డ పిడుగేమీ కాదు. ఆ కరువుకు ముందరి లెక్కలతోనే, 2015లోనూ 2018లోనూ వెలువడిన అధ్యయనాలు ఒక ధోరణిని పట్టుకున్నాయి. సర్వే మొదలైన కొత్తలో మడుల్లో పురుగుల సంఖ్య ఒకచోట పెరుగుతుంటే ఇంకోచోట తగ్గేది. తర్వాత్తర్వాత అన్నిచోట్లా ఒకేసారి పెరగడం, ఒకేసారి తగ్గడం ఎక్కువైంది. వేసవి వానలు తక్కువైన ఏళ్లు తరచుగా రావడం, వాతావరణం దీవులంతటా ఒకే తాళానికి ఆడటం దీనికి కారణం. మొత్తం సంఖ్య చూస్తే ఈ ముప్పు కనపడదు. సగటు బాగానే ఉంటుంది, లోపల ఒకదానికొకటి ఆసరా ఇచ్చే గుణం మాత్రం సన్నగిల్లుతూ పోతుంది.

మరి దూరంగా పొరుగు ఉన్నా లాభం లేనప్పుడు ఏది కాపాడుతుంది? దీనికి జవాబు కాలిఫోర్నియాలో దొరికింది. అక్కడ శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతం చుట్టూ బే చెకర్‌స్పాట్ అనే సీతాకోకచిలుక ఉంది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన జాస్పర్ రిడ్జ్‌లో పాల్ ఎర్లిక్ 1960 నుంచి దీన్ని గమనించారు. ఇది సర్పెంటైన్ రాయి అరిగి ఏర్పడిన బలం లేని నేలలో బతుకుతుంది. అక్కడ వాన పడేది చలికాలంలో. వసంతం చివరికి ప్లాంటాగో ఎరెక్టా అనే చిన్న మొక్క ఎండిపోతుంది. పుట్టిన పురుగులు ఆలోపే నిద్రకు సరిపడా ఎదగాలి. పరుగు ఎప్పుడూ అంచు మీదే. మామూలు ఏళ్లలో కూడా అత్యధిక భాగం పిల్లలు ఈ దశలో ఆకలికి చస్తాయి.

ఒకే కొండ మీద దక్షిణం వైపు వాలుకు ఎండ ఎక్కువ. అక్కడి పురుగులు ఒళ్లు కాచుకుని త్వరగా ఎదిగి, ముందుగా రెక్కలు కట్టుకుంటాయి. ఉత్తరం వాలు చల్లన, కాబట్టి అక్కడి మొక్కలు ఆలస్యంగా ఎండుతాయి. ఎండ వాలులో పుట్టి, ముందే ఎగిరి, చల్లటి వాలులో గుడ్లు పెట్టిన తల్లికి రెండు లాభాలూ కలిసొస్తాయి. కరువు ఏళ్లలో ఉత్తరం వాలు జాతిని నిలబెడుతుంది, చలి, వాన ఎక్కువైన ఏళ్లలో దక్షిణం వాలు. వంద అడుగుల తేడాలో రెండు వాతావరణాలు. అంటే మబ్బు అందరికీ ఒకటే అయినా నేల ఒకటి కాకపోతే చాలు. 1975–77 కరువులో చదునుగా ఉన్న చిన్న చోట్ల ఈ పురుగు చాలావరకు తుడిచిపెట్టుకుపోయింది. మోర్గన్ హిల్ దగ్గర, రకరకాల వాలులున్న పెద్ద కొండ ప్రాంతంలో నిలిచింది. విస్తీర్ణం పెద్దది కావడం ఒక కారణమే. ఆ విస్తీర్ణంలో ఎన్ని దిక్కులకు వాలులున్నాయన్నది అంతకంటే ముఖ్యమనిపిస్తుంది. సంరక్షణ ప్రణాళికల్లో హెక్టార్ల లెక్క రాసినంత సులువుగా ఈ సంగతి రాయరు. అది లోటే.

జాస్పర్ రిడ్జ్‌లో వాలుల తేడా తక్కువ. అక్కడి గుంపులు ఒక్కొక్కటే తగ్గి, 1998 నాటికి పూర్తిగా పోయాయి. వానలు ఏటికేడు అటూ ఇటూ విపరీతంగా ఊగడం పెరిగిన కాలం అది.

ఇదే సీతాకోకచిలుక జాతిలో దక్షిణ కాలిఫోర్నియా ఉపజాతి క్వినో చెకర్‌స్పాట్‌కు ఇంకో ఉపాయం ఉంది. వాన రాకపోతే దాని గొంగళిపురుగు తిండి మానేసి మళ్లీ నిద్రలోకి జారుకోగలదు. ఒక ఏడాది కాదు, ఒకటి కంటే ఎక్కువ ఏళ్లు కూడా. కరువు ఏడాదిలో ఎగిరేవి ఒక్కటీ కనపడకపోయినా, రాళ్ల కింద బతికున్నవి ఉండొచ్చు. ఆ ఏడాది సర్వే చేసి ఇక్కడ ఈ పురుగు లేదని రాసేస్తే, ఆ కాగితం ఆధారంగా నేల చదును చేసేవాళ్లు సిద్ధంగా ఉంటారు.

బే చెకర్‌స్పాట్‌కు వానతో సంబంధం లేని సమస్య కూడా తోడైంది. కార్ల పొగలోని నైట్రోజన్ గాలిలోంచి నేల మీద వాలి, బలం లేని ఆ నేలకు ఎరువైంది. బయటి గడ్డి ఎగబడి పెరిగి ప్లాంటాగోను కప్పేసింది. పశువులు మేసేచోట ఆ గడ్డి అదుపులో ఉండి పురుగు మిగిలింది. సీతాకోకచిలుకకు మేలు చేస్తున్నామనుకుని మేత ఆపించిన చోట దాని తిండే పోయింది. కరువులో మొక్క ముందే ఎండితే పక్క మొక్కకు పాకాలి కదా, ఆ పక్క మొక్క గడ్డి కింద ఊపిరాడక ముందే పోయి ఉంటుంది. అప్పుడు చావుకు కారణం వాన లేకపోవడమే అని రాస్తారు.

ఎడ్జ్‌వుడ్ అనే రక్షిత ప్రాంతంలో, రోడ్డు పక్కనే ఉన్న సర్పెంటైన్ పచ్చికలో ఈ పురుగు 2000ల ఆరంభంలో కనిపించకుండా పోయింది. అక్కడ గడ్డిని కోసి అదుపు చేసి, ప్లాంటాగో మళ్లీ పరుచుకున్నాక, 2007లో ఈ పురుగు ఇంకా మిగిలి ఉన్న కొయోటే రిడ్జ్ నుంచి పురుగులను తెచ్చి వదలడం మొదలుపెట్టారు. ఒక్క విడతతో అవి నిలదొక్కుకోలేదు. తర్వాతి ఏళ్లలో మళ్లీ తెచ్చి వదలాల్సి వచ్చింది.